పల్లెటూరి జనాభా, బస్సు వివరాలు నెట్‌లో చూసి నమ్మొచ్చా?

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఓ పల్లెకు టీచర్ పోస్టింగ్ వచ్చిందని, నెట్‌లో ఆ ఊరి జనాభా, బస్సు, రైల్వే స్టేషన్ వివరాలు చూశానని, వాటిని నమ్మి ఇల్లు వెతుక్కోవచ్చా అని అడిగారు. నేనూ ఆ వైపు పల్లె బడుల్లోనే పనిచేశాను. అంకెల్లో అబద్ధం ఉండదు గానీ, మీకు కావాల్సిన సంగతి వాటిలో దొరకదు.

ముందు జనాభా. ఏ పేజీ తెరిచినా కనిపించేది 2011 లెక్కే. 2021లో జరగాల్సిన జనగణన కొవిడ్ వల్ల వాయిదా పడింది. పైగా ఆ లెక్క రెవెన్యూ గ్రామానిది, అంటే శివారు తండాలూ గూడేలూ అన్నీ కలిపి. 2018లో చాలా తండాలు విడి పంచాయతీలయ్యాయి కాబట్టి, ఊరి పేరు అదే ఉన్నా ఇప్పటి పంచాయతీ జనం అంతకంటే బాగా తక్కువ ఉండొచ్చు. మీ బడి తండాలో ఉంటే దాని పేరుతో వెతికినా ఏమీ రాదు, నాకూ రాలేదు. కొన్ని ఊళ్ల ఎదురుగా సున్నా కనిపిస్తుంది. కంగారు పడకండి, అవి బేచిరాక్ గ్రామాలు: రికార్డుల్లో భూములుంటాయి, ఇళ్లుండవు.

అసలు పట్టికే చూడాలనుకుంటే 2011 డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది. అయితే దాన్ని ఆంధ్రప్రదేశ్ కింద, పాత మహబూబ్‌నగర్ జిల్లా పేరుతో వెతకాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల జిల్లాలు 2016లో, నారాయణపేట 2019లో వచ్చాయి. ఇప్పటి లెక్క కావాలంటే పంచాయతీ కార్యదర్శినో, అంగన్‌వాడీ టీచర్‌నో అడగడమే మేలు. ఏ ఇంట్లో ఎందరున్నారో, ఎవరు ముంబైకో పుణెకో పనికి వెళ్లారో నోటితోనే చెప్పేస్తారు.

ఇక బస్సు. ఆ పట్టికలో బస్సు సౌకర్యం ‘ఉంది’ లేదా ‘లేదు’ అని ఉంటుంది. లేకపోతే ఎంత దూరంలో ఉందో మూడు ముక్కల్లో తేల్చేస్తారు: 5 కి.మీ. లోపు, 5 నుంచి 10, 10కి పైన. రోజుకు ఒకే ట్రిప్పు వచ్చినా ‘ఉంది’ అనే రాస్తారు. మీకు తెలియాల్సింది అది ఎప్పుడొస్తుందన్నది. పల్లె వెలుగు నైట్ హాల్ట్ బస్సు ఉన్న ఊరైతే అదృష్టమే. రాత్రి అక్కడే పడుకుని తెల్లవారుజామున టౌన్‌కు బయల్దేరుతుంది. కానీ టౌన్‌లో ఉండి ఊరికి వచ్చే టీచర్‌కు అది పూర్తిగా ఉల్టా టైమింగ్! కొన్ని ట్రిప్పులు పిల్లల కోసమే నడుస్తాయి, సెలవుల్లో రావు. మేడారం జాతరకు బస్సులు మళ్లిస్తే ముందు తగ్గేది ఇలాంటి ట్రిప్పులే.

వానాకాలం సంగతి ఏ పట్టికలోనూ ఉండదు. మా బడి దారిలో వాగు మీద చప్టా ఉండేది. గట్టి వాన పడితే డ్రైవర్ బస్సు ఆపి, దిగి, నీళ్లలో కనిపించే రాళ్లను చూసి, ఏమీ అనకుండా రివర్స్ చేసేవాడు. రోడ్డు బీటీయే, ఎక్కడా గుంట లేదు. అయినా అవతలికి చేరే దారి లేదు.

షేర్ ఆటోలు మెయిన్ రోడ్డు స్టేజీ దగ్గర ఉంటాయి, నిండితే గానీ కదలవు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక, నేను చూసినంతలో, ఆటో నిండడానికి ఇంకా ఎక్కువసేపు పడుతోంది. రైల్వే స్టేషన్ దగ్గరే ఉందని రాసినా, అక్కడ ఏ రైళ్లు ఆగుతాయో చూసుకోండి.

మీరు స్త్రీ అయితే బస్సు లెక్కల్లోకి వస్తుంది, కాకపోతే బండి కొనుక్కోండి. ఏదైనా మొదటి నెల మండల కేంద్రంలోనే గది తీసుకుని, స్టేజీ దగ్గర కిరాణా కొట్టాయనను రెండే అడగండి: సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికి, చప్టా ఏ నెలలో మునుగుతుంది. జవాబులు విన్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.