పాత ఫియట్ కోసం అప్పు చేయనా, చీటీ పాడనా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. రాజమండ్రిలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 95,000 చేతికొస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 24,000, సిప్‌లు 8,000, చీటీ 10,000, ఇంటి ఖర్చు 42,000. అత్యవసరాలకని 2,50,000 ఎఫ్‌డీ ఉంది. పాప తొమ్మిదో తరగతి. కాకినాడలో ఒకరి దగ్గర 1973 ప్రీమియర్ పద్మిని, అదే పాత ఫియట్ కారు, చూశాను. ఆదివారాలు ఇంటిల్లిపాదిమీ అందులో తిరగాలని నా ఆశ. 1,80,000 చెబుతున్నారు. ఆర్సీ ఇంకా వాళ్ల తాతగారి పేరు మీదే ఉంది, ఆయన కాలం చేశారు. రిజిస్ట్రేషన్ గడువు తీరి మూడేళ్లయింది, అప్పటి నుంచీ బండి కదల్లేదు. మెకానిక్ లక్షన్నరలో కొత్తదానిలా చేస్తానంటున్నాడు. 13 శాతానికి 3 లక్షల పర్సనల్ లోన్, 4 ఏళ్ల గడువుతో దొరుకుతోంది. లేదంటే 3 లక్షల చీటీలో 30 నెలలకు 19 అయ్యాయి, పాడుకోవచ్చు. ఏది మేలు? ఈ కార్ల ధర పెరుగుతూనే ఉంటుంది, పెట్టుబడే కదా అని స్నేహితులంటున్నారు.

జవాబు: ఇది పెట్టుబడి కాదు, ఖర్చు. మీకు ఇష్టమైన ఖర్చు, మీ జీతానికి మోయగలిగిన ఖర్చే. కానీ అప్పు చేసి మాత్రం వద్దు, ఈ నెలలోనూ వద్దు. పదకొండు నెలలు ఆగండి. అంతకాలం ఎందుకో లెక్కలోకి వెళ్తే మీకే తెలుస్తుంది.

ముందు లోన్ సంగతి. 3 లక్షలకు 13 శాతం వడ్డీ, 48 నెలలంటే ఈఎంఐ సుమారు 8,050. వడ్డీ కిందే 86,000 పైచిలుకు పోతుంది. మీరు రాసిన ఖర్చులన్నీ తీసేస్తే నెలకు మిగిలేది 11,000. అందులో 8,050 ఈఎంఐకి పోతే మూడు వేలు కూడా మిగలవు. ఆ మూడు వేలతో పాత కారును నడపలేరు. నెలకు 200 కిలోమీటర్లే తిరిగినా, లీటరుకు 12 కిలోమీటర్ల లెక్కన పెట్రోలుకే 1,800 అవుతుంది. ఏడాదికి పెట్రోలు 22,000, ఇన్సూరెన్సు 4,500, రిజిస్ట్రేషన్ ఫీజు, గ్రీన్ టాక్స్ (పాత బండ్ల మీద వేసే పన్ను) కలిపి ఐదేళ్లకు పంచితే 2,500, ఆయిలు, ఫిల్టరు, పాయింట్లు (స్పార్కు పుట్టించే ఇగ్నిషన్ భాగం), గ్రీజు వంటి సర్వీసుకు 8,000, టైర్లు, బ్యాటరీల కోసం దాచాల్సింది 7,000, ఉన్నట్టుండి వచ్చే రిపేర్లకు 15,000. మొత్తం 59,000, అంటే నెలకు దాదాపు 5,000. ఈ అంకెలు నేను బడ్జెట్ కోసం వేసినవి, మీ ఊరి షెడ్డు రేట్లతో దిద్దుకోండి. కానీ నెలకు 5,000 కంటే తక్కువ మాత్రం రాసుకోవద్దు.

చీటీ లోన్ కంటే నయమే. అయినా ఇప్పుడే పాడితే ఎంతకు పాడాల్సి వస్తుందో చూడండి. ఫోర్‌మన్ (చీటీ నడిపేవారు) కమిషన్ 5 శాతం అనుకుంటే, చివరి దాకా ఆగినవారికి 2,85,000 వస్తుంది. ఇప్పుడు 2,60,000కు పాడారనుకుందాం, పదకొండు నెలల తొందరకు 25,000 వదులుకున్నట్టు. పైగా మిగిలిన 1,10,000 వాయిదాలకు జామీను చూపాలి. ఆగడమే లాభం. ఒక్క మాట: ఇది రిజిస్టరైన చీటీయా కాదా మీరు రాయలేదు. తెలిసినవాళ్ల మధ్య నోటిమాట మీద నడిచేదైతే నా సలహా మారుతుంది. కొంత నష్టపోయినా వీలైనంత త్వరగా పాడి, ఆ డబ్బు ఎఫ్‌డీలో పెట్టండి. కారు సంగతి ఆ తర్వాత.

ఇక ఆ పదకొండు నెలల్లో ఏం చేయాలంటే, మిగులుతున్న 11,000 ఆర్‌డీలో వేయండి, 1,21,000 అవుతుంది. చీటీ 2,85,000 కలిపితే 4,06,000. మీ ఇంటి ఖర్చూ ఈఎంఐ కలిపి నెలకు 66,000. ఆరు నెలలకు 4 లక్షలు చేతిలో ఉండాలి, మీ దగ్గరున్నది రెండున్నరే. కాబట్టి ఆ 4,06,000 లోంచి 1,50,000 ముందు ఎఫ్‌డీకి చేర్చండి. కారుకు మిగిలేది 2,56,000. ఇదే మీ హద్దు. చీటీ అయిపోగానే నెలకు 10,000 ఖాళీ అవుతుంది కదా. అందులో 5,000 కారు నడపడానికి, 5,000 తర్వాతి పనులకు. ఆర్‌డీ ముగిశాక నెలనెలా మళ్లీ మిగిలే 11,000 మాత్రం ముట్టుకోకండి, అది పాప ఇంటర్ ఫీజుకు.

అన్ని నెలలు అమ్మేవారు ఆగుతారా అని మీకు అనిపించవచ్చు. కాగితాల పనికే చాలా నెలలు పడుతుంది, తొందరపడినా ఉపయోగం ఉండదు. ఆర్సీ చనిపోయినవారి పేరు మీద ఉంటే మనవడి సంతకంతో బండి మీది కాదు. ముందు ఫారం 31తో వారసుల్లో ఒకరి పేరుకు మారాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రాలు కావాలి. ఆ తర్వాతే ఫారం 29, 30 మీద మీ పేరుకు. అంత పాత రికార్డు ఆన్‌లైన్‌లో లేకపోతే ఆర్టీఏ ఆఫీసు పాత రిజిస్టరు చూసి వివరాలను ఆన్‌లైన్‌లోకి ఎక్కించాలి (బ్యాక్‌లాగ్ ఎంట్రీ). ఆ రిజిస్టరులో మీ బండి పేజీ దొరుకుతుందో లేదో తేలాకే బేరం.

రిజిస్ట్రేషన్ రెన్యువల్ మరో చిక్కు. 20 ఏళ్లు దాటిన కార్లకు ఈ ఫీజును 2025 ఆగస్టులో 10,000కు పెంచారు. గడువు దాటినందుకు నెలకు 500 అదనం, మూడేళ్లకు 18,000. గ్రీన్ టాక్స్ వేరే. ఆలస్యం ఫీజు మీ నెత్తిన వేసుకోకండి, ధరలో తగ్గించమనండి. తనిఖీకి నిలబడాలంటే బ్రేకులు, లైట్లు పనిచేయాలి. అంటే ఇంకా మీ పేరుకు రాని బండి మీద మీ డబ్బు పెట్టాల్సి వస్తుంది. చాలామంది మునిగేది ఇక్కడే. వారసుడి పేరుకు ఆర్సీ మారాక, అమ్మకం ఒప్పందం రాసుకుని, అందులో రిపేరుకు మీరు పెట్టిన ప్రతి రూపాయీ బదిలీ జరగకపోతే తిరిగి ఇవ్వాలని రాయించాకే స్పానరు పట్టనివ్వండి.

50 ఏళ్లు దాటింది కదా, వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే సరిపోదా అని ఎవరైనా అంటారు. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండికి 20,000 కడితే పదేళ్లకు ఇస్తారు, పాత నంబరు ఉంచుకోవచ్చు. కానీ అప్పుడు ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోడ్డెక్కించకూడదు. మీకు ఆదివారం షికారు కావాలి కాబట్టి మామూలు రెన్యువలే చేయించండి.

ఇంకో చిన్న సంగతి, కానీ ధర మీద పనిచేస్తుంది. పద్మిని అనే పేరు 1974లో వచ్చింది. దానికి ముందు 1972 నుంచి ఇదే కారు ప్రీమియర్ ప్రెసిడెంట్. కాబట్టి ‘1973 పద్మిని’ అంటే ఏడాదైనా తేడా, లేక బ్యాడ్జీ, గ్రిల్లు ఎప్పుడో మార్చి ఉంటారు. ఆర్సీలో తయారీ ఏడాది, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు మూడూ బండి మీద ఉన్నవాటితో పోల్చండి. ఈ కార్లకు డీజిల్ ఇంజిన్లు బిగించినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆర్సీలో ఎక్కని ఇంజిన్ కనిపిస్తే వదిలేయండి, ఎంత చవకైనా సరే.

ఇప్పుడు మెకానిక్ చెప్పిన లక్షన్నర. ‘అన్నీ కలిపి’ అనే కొటేషన్ మీద ఎప్పుడూ డబ్బు ఇవ్వకండి. ఈ కారుకు విడిగా ఛాసిస్ ఫ్రేము లేదు, బాడీయే బరువంతా మోస్తుంది. అందుకే తుప్పు అంటే అందం పోవడం కాదు, ఎముక విరగడం. సముద్రపు గాలిలో నిలిచిన బండికి ఇంజిన్ కంటే రేకు గురించే ఎక్కువ భయపడాలి. ఒక టార్చి, ఒక అయస్కాంతం పట్టుకెళ్లండి. మ్యాట్లు ఎత్తి ఫ్లోరు, డిక్కీలో స్టెప్నీ కింద, జాకీ పెట్టే చోట్లు, తలుపుల కింది అంచులు, చక్రాల పైన కమానులు చూడండి. అయస్కాంతం అంటుకోనిచోట ఉన్నది పుట్టీ. తలుపు ఎత్తిపట్టి వేయాల్సి వస్తే కీళ్లయినా అరిగాయి, బాడీ అయినా కుంగింది. ఫ్లోరు, జాకీ పాయింట్లు తిని ఉంటే టింకరింగు, పెయింటు కలిపి లక్షన్నర ఒక్కదానికే చాలకపోవచ్చు, అప్పుడు వేరే బండి వెతుక్కోవడమే మంచిది.

రేకు గట్టిగా ఉంటే, మొదటి విడత పని ఇంతే: నాలుగు చక్రాల బ్రేకులు 18,000, ఐదు టైర్లూ బ్యాటరీ 25,000, పెట్రోలు ట్యాంకు కడగడం, పైపులు, కార్బురేటరు 10,000, రేడియేటరు, హోసులు 8,000, వైరింగు 14,000. మొత్తం 75,000, అనుకోనివాటికి 15,000 కలిపి 90,000. పెయింటు ఇందులో లేదు, కావాలనే. నడిచే బండికి పాత పెయింటు ఉండొచ్చు, ఆగని బండికి కొత్త పెయింటు ఎందుకు?

బ్రేకులు ముందు పెట్టడానికి కారణముంది. నాలుగూ డ్రమ్ములే, ఆ కాలపు బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి బ్రేక్ ఆయిలు సర్క్యూటు ఒక్కటే. ఏ ఒక్క వీల్ సిలిండరు కారినా పెడల్ మొత్తం కిందికి పోతుంది. మూడేళ్లు నిలిచిన బండిలో రబ్బరు కప్పులు గట్టిపడి ఉంటాయి, బ్రేక్ ఆయిలు తేమ పీల్చి లోపల తుప్పు పట్టించి ఉంటుంది. నాలుగింటికీ, పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండరుకూ కలిపి కిట్లు మార్చాలి, ఒకటి మార్చి మూడు వదలొద్దు. పెట్రోలు పైపులదీ అదే కథ. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు దానికి ఉబ్బి పగులుతుంది, నిలిచిన ట్యాంకులో నీరు చేరుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే హోసులే వేయించండి, బండి నిలిపే కాలంలో ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకండి.

ఇంజిన్ విప్పడానికి తొందర పడనివ్వకండి. ముందు కంప్రెషన్ పరీక్ష (ఒక్కో సిలిండరులో ఒత్తిడి కొలవడం) చేయించండి. నాలుగు సిలిండర్ల రీడింగులు దగ్గరదగ్గరగా ఉంటే రీబోరు (సిలిండర్లు మళ్లీ కోయించడం) అవసరం లేదు. ఒకటి బాగా తక్కువుంటే ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూడాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులైనా, గ్యాస్కెట్టైనా పోయినట్టు. ఈ చిన్న పరీక్షతో 50,000 అనవసరపు పని ఆగిపోవచ్చు. అలాగే ఎండల్లో వేడెక్కి ఆగిపోతే వెంటనే టోయింగ్‌కు ఫోన్ చేయకండి. ఇంజిన్ కాస్త చల్లారనిచ్చి కార్బురేటరు దగ్గర పైపు విప్పి, దాని చివర ఒక సీసాలో పెట్టి, పంపు చేతిమీట కొట్టండి. పెట్రోలు చిమ్మకపోతే పైపులో ఆవిరి పట్టింది, పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగండి. పెట్రోలు వస్తుంటే స్పార్కు చూడాలి. పాయింట్లు మాడి ఉంటే అవి ఒక్కటే కాదు, కండెన్సరు కూడా మార్చండి, మాడ్చింది సాధారణంగా అదే. గేరు లివరు రెండింటి మధ్య ఇరుక్కుంటే గేర్‌బాక్సు పోయిందనుకోకండి, స్టీరింగు కింద లింకేజీ బుష్షులు అరిగి ఉంటాయి.

స్పేర్లు ఇప్పుడే కొంచెం కొని పెట్టుకోండి. ఈ కారు సామాన్లు ఇన్నాళ్లూ దొరకడానికి ముంబై టాక్సీలు పెద్ద అండ. చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. ఆ గిరాకీ పోయాక సరుకు తగ్గుతూ వస్తుంది. పాయింట్లు, కండెన్సరు, రోటరు, డిస్ట్రిబ్యూటరు క్యాపు, ఫ్యాన్ బెల్టు, పంపు డయాఫ్రం, వీల్ సిలిండరు కిట్లు, హెడ్ గ్యాస్కెట్టు ఒక్కో జత, ఓ పెట్టెలో. రిపేర్ల కింద రాసిన 15,000 లోంచే ఇవి కొనండి.

ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ తప్పనిసరి. 1,089 సీసీ కాబట్టి 1,000 నుంచి 1,500 సీసీ శ్లాబులో 3,416, జీఎస్టీతో సుమారు 4,030. ఐదేళ్లు దాటిన బండి విలువను మీరూ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి, కాబట్టి పనుల బిల్లులు, ఫొటోలు దాచండి. పూర్తి కవరు ఇవ్వకపోతే అగ్నిప్రమాదం, దొంగతనం వరకైనా అడగండి. పాత వైరింగు, కారే పెట్రోలు ఒకేచోట ఉన్న బండి ఇది. సీటు కింద కిలో అగ్నిమాపక సిలిండరు ఉంచండి.

ఇక ధర పెరుగుతుందనే మాట. రేపు అమ్మితే కొనేవారు కాగితాలకు, తుప్పులేని రేకుకు, అసలు భాగాలకు డబ్బిస్తారు. మీరు పోసిన రిపేరు ఖర్చుకు ఇవ్వరు. మీ ఆస్తుల జాబితాలో ఈ కారు విలువ సున్నా అని రాసుకోండి, దాని కోసం సిప్ ఒక్క రూపాయీ తగ్గించకండి. ఒకవేళ లాభం వచ్చినా పన్ను ఉండదనుకోకండి. సొంత వాడకపు వస్తువుగా నిలిస్తేనే మినహాయింపు. 1983లో 20,000కు కొన్న 1931 ఫోర్డు కారును 21 లక్షలకు అమ్మిన కేసులో, సొంతానికి వాడినట్టు ఆధారాల్లేవని బాంబే హైకోర్టు 2025లో లాభం మీద పన్ను పడుతుందనే చెప్పింది. పెట్రోలు బిల్లులు, సర్వీసు రసీదులు ఒక ఫైలులో ఉంచాలి.

చివరగా మీ హద్దు 2,56,000లో పని 90,000, రెన్యువల్ 10,000, ఇన్సూరెన్సు 4,000 తీసేసి, గ్రీన్ టాక్సుకూ బదిలీకీ 7,000 పక్కన పెడితే కారుకు మిగిలేది 1,45,000. అంతకు మించి బేరం ఒప్పుకోవద్దు. రేకు చూసి నచ్చితే, ఆర్సీ వారసుడి పేరుకు మారాకే మిగతా సొమ్ము అన్న షరతుతో 10,000 అడ్వాన్సు ఇవ్వండి. రసీదులో ఛాసిస్ నంబరు రాయించి, వారసులందరి చేతా సంతకాలు పెట్టించుకోండి.