వయసు వాసన గురించి చెల్లికి

చెల్లీ,

మనవరాలు ఒళ్లోకి వస్తుంటే ఒంటి వాసన తగులుతుందేమోనని వెనక్కి జరుగుతున్నానని నువ్వు రాసింది చదివి నా మనసు చివుక్కుమంది. రెండు పూటలా స్నానం చేసేదానివి, నీకెందుకమ్మా ఆ సిగ్గు? ఆ వాసన శుభ్రత తక్కువై వచ్చేది కాదు. నలభై దాటాక చర్మం మీది కొవ్వులు గాలి తగిలి మారి నోనెనాల్ అనే పదార్థం పుడుతుంది, ఆ వాసన దానిదే. జపాన్ శాస్త్రవేత్తలు 2001లో ఈ సంగతి ప్రకటించారు. డబ్బాలో నూనె పాతబడి ముక్కిపోతుంది చూడు, అలాంటిదే. మన విశాఖ ఉక్కకి పట్టే చెమట వాసన వేరు.

తిండితో ఇది పూర్తిగా పోదు, ఒంటి వాసన కొంత తగ్గించుకోవచ్చు. ముందు ఆకుకూరలు, పళ్లు పెంచు. ఆస్ట్రేలియాలో కుర్రాళ్ల మీద చేసిన 2017 నాటి పరిశోధనలో పళ్లూ కూరగాయలూ బాగా తినేవాళ్ల చెమట వాసనే నయమని తేలింది. మన వయసువాళ్ల మీద చేసింది కాకపోయినా నాకు సబబుగానే తోచింది. ఎంవీపీ రైతు బజారుకి పొద్దున్నే వెళ్తే తోటకూర, పొన్నగంటి, మునగాకు తాజాగా దొరుకుతాయి. బొప్పాయి, జామ రోజూ ఏదో ఒకటి తిను. కాలంలో ఉసిరికాయ వదలకు.

బీచ్ రోడ్డు బజ్జీలు మాత్రం మానెయ్. మళ్లీ మళ్లీ కాచిన నూనె ఒంట్లోకి వెళ్లకముందే చెడిపోయి ఉంటుంది. ఇంట్లో అప్పడాలు వేయించిన నూనె కూడా దాచకు.

వెల్లుల్లి ఘాటు రక్తంలో కలిసి ఊపిరిలోనూ చెమటలోనూ బయటికొస్తుంది. పెళ్లికో పేరంటానికో వెళ్లే ముందురోజు తగ్గిస్తే చాలు. చేపలు మానకు, కానాగంతలు గుండెకి మంచివి. తిన్నప్పుడల్లా ఒంటికి చేప వాసన పడుతుంటే మాత్రం డాక్టరుకి చెప్పు, కొందరి శరీరానికి అందులోని ట్రైమిథైలమీన్ అరగదు.

వయసు మీద పడ్డాక దాహం అంతగా తెలియదు. నీళ్లు, పల్చటి మజ్జిగ దాహం వేయకపోయినా తాగుతుండు. కిడ్నీ జబ్బుంటే ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి.

వాసన హఠాత్తుగా మారి మాగిన పండు వాసనలా వస్తే షుగర్, అమ్మోనియాలా వస్తే కిడ్నీ పరీక్ష వెంటనే చేయించుకో, ఆలస్యం చేయొద్దు. మరిదిగారు రక్తం పల్చబడే మాత్ర వార్ఫరిన్ వేసుకుంటున్నారు కదా, ఆయన పళ్లెంలో ఆకుకూర ఒక్కసారిగా పెంచకు, డాక్టరుని అడిగాకే వడ్డించు.

మీ అక్క