పెద్ద సంఖ్యని చూసి బెదరకు తల్లీ

అంబాజీపేట

చిట్టితల్లికి తాతయ్య దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. పరీక్షలో పెద్ద సంఖ్య కనిపిస్తే నీకు టెన్షన్ వస్తోందని, 2,47,247 కారణాంకాల లెక్క అలాగే వదిలేశావని మీ అమ్మ చెప్పింది. కాగితం తీసుకో, ఆ సంఖ్యనే చూద్దాం.

ముందు సులువైనవి తేల్చెయ్. చివర 7 ఉంది కాబట్టి రెండో ఎక్కంలో, అయిదో ఎక్కంలో పోదు. వర్గ సంఖ్యా కాదు, వర్గాలేవీ 7తో ముగియవు. అంకెలు కూడితే 26, అంటే మూడో ఎక్కంలోనూ పోదు.

ఇక 7, 11, 13. ఈ మూడూ గుణిస్తే 1001. మన పెరట్లో వెయ్యేసి కొబ్బరికాయల రాశులు 247 ఉన్నాయనుకో, పక్కన విడికాయలు 247. రాశికొక విడికాయ వేస్తూ పో. ప్రతి రాశీ 1001 అయింది, విడిగా ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు ఏడుగురికైనా, పదకొండుగురికైనా, పదముగ్గురికైనా సమానంగా పంచొచ్చు. అందుకే మన లక్షల కామా కాసేపు పక్కనపెట్టి, కుడి నుంచి మూడేసి అంకెలుగా విడదీసి తేడా చూడమనేది. ఇక్కడ 247కీ 247కీ తేడా సున్నా, కాబట్టి మూడింటితోనూ పోతుంది. కారణం తెలిస్తే సూత్రం మర్చిపోవమ్మా.

మిగిలింది 247. దాని వర్గమూలం 16 కన్నా తక్కువ కాబట్టి 13 దాకా చూస్తే చాలు. ఏడుతో శేషం 2, పదకొండుతో 5. 13 ఇందాకే అయిపోయిందని చాలామంది దాన్ని మళ్లీ చూడరు. చూడాలి! 13×19 సరిగ్గా 247. కాబట్టి 2,47,247 అంటే 7×11×13×13×19. ఎటు నుంచి విడగొట్టినా చివరికి ఇవే వస్తాయి. ఒక్కో ప్రధాన సంఖ్య ఎన్నిసార్లు వచ్చిందో దానికి ఒకటి కలిపి, అవన్నీ గుణిస్తే మొత్తం కారణాంకాలు 2×2×3×2, అంటే 24. చిన్నదైన 5040కి మాత్రం 60 ఉన్నాయి. తనకన్నా చిన్నవాటన్నిటికంటే ఎక్కువ కారణాంకాలున్న ఇలాంటి సంఖ్యల మీదే రామానుజన్ 1915లో పెద్ద పత్రం ప్రచురించారు.

వర్గమూలం దాకా వెళ్లకుండా మాత్రం ఏ సంఖ్యనీ ప్రధాన సంఖ్య అనకు. రెండు కారణాంకాలూ వర్గమూలం కన్నా పెద్దవైతే లబ్ధం సంఖ్యని దాటిపోతుంది, అందుకే అక్కడిదాకా వెళ్లాలి, అక్కడ ఆగొచ్చు. నేను పంతులు ఉద్యోగంలో చేరిన కొత్తలో 10,001ని 71 దాకా భాగించి, విసుగొచ్చి, ప్రధాన సంఖ్య అని బోర్డు మీద రాసేశాను. 97 దాకా వెళ్లాల్సింది. నేను ఆగిన 71 తర్వాతి ప్రధాన సంఖ్యే 73, 73×137 సరిగ్గా 10,001. మర్నాడు పిల్లల ముందు దిద్దుకున్నాను కానీ, అది ఇప్పటికీ గుచ్చుతూనే ఉంటుంది.

నీకొక సంఖ్య ఇస్తున్నాను, 3,60,360. క్యాలిక్యులేటర్ ముట్టుకోకుండా విడగొట్టు. తర్వాత 1 నుంచి 15 దాకా ఒక్కో ఎక్కంలో వేసి చూసి, ఏం కనిపించిందో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

మీ తాతయ్య