ఆగితే వేడెక్కే కారు

ప్రశ్న: మాది 2011 మోడల్ చిన్న పెట్రోల్ కారు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో ఆగితే టెంపరేచర్ ముల్లు పైకెక్కుతుంది, కాజీపేట రోడ్డెక్కితే దిగుతుంది. ఇంజిన్ విప్పాలంటున్నాడు మెకానిక్. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఇంజిన్ మీద అప్పుడే చెయ్యి వేయనివ్వకండి అన్నా. బండి నడుస్తుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగితే ఆ పని ఫ్యాన్‌ది. నా అనుమానం దాని మీదే. ఏసీ ఆపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి చూడండి. ముల్లు సగం దాటినా ఫ్యాన్ తిరగకపోతే వెంటనే ఇంజిన్ ఆపి, ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కు కరెంటు అందించేది), ఆ తర్వాత వేడిని బట్టి ఫ్యాన్‌ను ఆన్ చేసే స్విచ్, ఫ్యాన్ మోటారు చూపించండి. ఫ్యూజు ఖర్చు టీ డబ్బులంత.

కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తున్నారా? నా పాత బండిలో రెండేళ్లు అవే పోశాను. రేడియేటర్ విప్పితే లోపల తెల్లటి పొర, గోటితో గీకితే సున్నంలా రాలింది. కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటరే కలపండి. వేడి మీద మాత్రం మూత తీయొద్దు, మొహం కాలుతుంది.

లీకేజీ కనిపించకుండానే కూలెంట్ తగ్గుతూ, బండి వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయి ఉండొచ్చు. అప్పుడైతే మీ మెకానిక్ మాట వినాల్సిందే.