లాక్ గేటు ఒక్కటి విరిగితే ఓడలన్నీ ఎందుకు ఆగిపోతాయి?

లాక్ అంటే నదిలో నీటిమట్టం మారేచోట ఓడలను దాటించడానికి రెండు గేట్ల మధ్య ఉండే నీటి గది. నీళ్లు నింపితే ఓడ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. ఒక్క గేటు పోయినా గదిలో నీటిమట్టం మార్చడం కుదరదు, చాలాచోట్ల వేరే దారీ ఉండదు.

2024 డిసెంబరులో జర్మనీలోని మోసెల్ నదిపై, మ్యూడెన్ లాక్ దిగువ గేటును ఓ సరుకు ఓడ గుద్దేసింది. ఎగువన 70 దాకా ఓడలు చిక్కుకుపోయాయి. కొత్త గేటు తయారీ వారాల పని. అందాకా, మామూలుగా మరమ్మతులప్పుడు నీళ్లు ఆపడానికి వాడే దూలాలనే గేటుగా వాడారు. క్రేన్‌తో వాటిని ఒకదానిపై ఒకటి దించి, గది నింపి, ఓడను లోపలికి రానిచ్చి, నీళ్లు వదిలాక మళ్లీ దూలాలన్నీ పైకి తీయాలి. ఒక్కో ఓడకూ ఇదే తంతు! నిజంగా ఎంత ఓపిక కావాలో. 2025 ఫిబ్రవరి మొదట్లో కొత్త గేటుతో దారి తెరుచుకుంది.