దేవదాసు: ముందు పుస్తకమా, సినిమానా?

ప్రశ్న: 1953 నాటి ‘దేవదాసు’ సినిమా చూశాక, 1917లో అచ్చయిన బెంగాలీ రచయిత శరత్ నవల చదవాల్సిన పనుందా?

జవాబు: తప్పకుండా ఉంది. ఇంకా సినిమా చూడనివాళ్లయితే ముందు నవలే చదవాలి. లేదంటే పేజీ పేజీలో అక్కినేని ముఖం, ఘంటసాల గొంతే అడ్డొచ్చి దేవదాసు తప్పులు కనబడవు. గాలం కర్రతో తన చిన్ననాటి ప్రేయసి పార్వతి నుదుటి మీద కొట్టే ఘట్టాన్ని నెమ్మదిగా చదవండి. అతని పొగరు, పిరికితనం రెండూ అక్కడే బయటపడతాయి. దేవదాసును ప్రేమించిన వేశ్య చంద్రముఖి తన వృత్తి మానేసి పల్లెలో చిన్న ఇంట్లో బతికే భాగమూ అంతే, గబగబా దాటేయకండి. నవలకు ప్రాణం అదే. 2002 హిందీ సినిమాలో ఆమె, పార్వతి కలిసి నాట్యం చేస్తారు. నవలలో ఇద్దరూ అసలు ఎదురుపడరు.

అనువాదం కొనేముందు చివరి పేరా చూడండి. దేవదాసు లాంటివాళ్ల కోసం ప్రార్థించమని రచయిత పాఠకుణ్ని వేడుకునే మాటలు లేకపోతే ఆ ప్రతి వదిలేయండి.