బేస్‌బాల్‌లో 30 దాటిన హిట్టర్‌కి పదేళ్ల కాంట్రాక్టు ఇవ్వడం తెలివైన పనేనా?

ప్రశ్న అడిగినవారు డల్లాస్‌లో ఉంటూ ఆ ప్రాంతపు బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్ మ్యాచ్‌లు చూస్తారట. "కోట్ల డాలర్లు పోసి తెచ్చుకున్న హిట్టర్లు నాలుగేళ్లు తిరక్కుండానే చతికిలపడుతున్నారు, ఒళ్లు పెంచుకోవడం వల్లేనా?" అని సందేహం.

ఒళ్లు సంగతి వదిలేయండి. బార్టోలో కొలోన్ పొట్ట చూసి నవ్వనివాళ్లు లేరు. ఆయన పిచర్ (బంతి విసిరేవాడు), 43 నిండబోతుండగా 2016 మేలో శాన్ డియాగోలో జీవితంలో మొదటి హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొట్టాడు. మీరు చూడాల్సింది పొట్ట కాదు, పాదాలు.

ఆల్బర్ట్ పుహోల్స్‌నే తీసుకోండి. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టుకి 11 సీజన్లలో 445 హోమ్ రన్లు, .328 యావరేజ్ (వెయ్యి సార్లు ఆడితే 328 హిట్లు), మూడుసార్లు ఎంవీపీ, అంటే లీగ్ ఉత్తమ ఆటగాడు. 2011 డిసెంబరులో ఏంజెల్స్ జట్టువాళ్లు పదేళ్లకు 24 కోట్ల డాలర్లు రాసిచ్చారు. అప్పటికే 32 దగ్గర పడ్డాయి. 2013లో ఎడమ పాదం అడుగున ఉండే పట్టీలాంటి కణజాలం చిరిగి 99 మ్యాచ్‌లకే సీజన్ అయిపోయింది. కుడిచేతి బ్యాటర్‌కి ఎడమ కాలే ముందు కాలు. అది నేల మీద పడి కర్రలా బిగుసుకుంటేనే నడుము తిరుగుతుంది, నడుము లాగితే చేతులు, చేతుల వెనక బ్యాటు. పాదంలో పోటు ఉన్నవాడు తనకే తెలియకుండా బరువు మెత్తగా దించుతాడు. మోకాలు కొంచెం వంగిపోతుంది, నడుము సగంలో ఆగుతుంది. భుజాల్లో బలం అలాగే ఉంటుంది, బంతి మాత్రం గోడ ముందు పడుతుంది. మనవాళ్లు "ఫామ్ పోయింది" అనేస్తారు. ఫామ్ అనే మాట ఒకటి దొరికింది కదా, ఇక ఎవరూ కాళ్ల వంక చూడరు.

అసలు చిక్కు ఎక్కడుందో లెక్క వేసి చూడండి. గంటకు 95 మైళ్ల ఫాస్ట్‌బాల్ అంటే సెకనుకు 139 అడుగులు. పిచర్ చెయ్యి వదిలాక బ్యాటర్ పక్కనున్న ప్లేటు దగ్గరికి రావడానికి దాదాపు 0.4 సెకను. అందులో 0.15 బ్యాటు తిప్పడానికే పోతుంది. మిగిలిన పావు సెకనులోనే బంతిని పోల్చుకోవాలి, కొట్టాలో వదలాలో తేల్చుకోవాలి. వయసు వల్ల స్వింగ్ 0.01 సెకను నెమ్మదించిందనుకోండి. ఆపాటి వ్యవధిలో బంతి 1.4 అడుగులు, అంటే ఇంచుమించు మూరెడు వచ్చేస్తుంది. కాబట్టి బంతి ఇంకో మూరెడు అవతల ఉండగానే మనసులో నిర్ణయం అయిపోవాలి. ఫాస్ట్‌బాల్ వేషంలో వచ్చి చివర్లో పక్కకి జారే స్లైడర్ అనే బంతి రంగు బయటపడేది సరిగ్గా ఆ తర్వాతే. అందుకే వయసు మీరిన హిట్టర్ ముందు ఓడిపోయేది ఫాస్ట్‌బాల్‌కి కాదు. దాన్ని అందుకోవాలని తొందరపడి, బయటికి జారిపోయే స్లైడర్‌కి బ్యాటు ఊపేస్తాడు. ఊపకుండా ఆగితే ఫాస్ట్‌బాల్ నడుం దగ్గర్నుంచి దూసుకుపోతుంది, అంపైర్ స్ట్రైక్ అంటాడు, అలాంటివి మూడైతే ఔట్ (స్ట్రైకౌట్). రెండువైపులా దెబ్బే.

క్రిస్ డేవిస్‌కి జరిగింది ఇదే. బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టు తరఫున 2013లో 53, 2015లో 47 హోమ్ రన్లు కొట్టాడు. 2016 జనవరిలో ఏడేళ్లకు 16.1 కోట్ల డాలర్లు. 2018 వచ్చేసరికి యావరేజ్ .168, స్ట్రైకౌట్లు 192. ఆ సెప్టెంబరు మధ్యలో కొట్టిందే ఆఖరి హిట్, ఆ తర్వాత వరసగా 54 అట్-బ్యాట్లు (బ్యాటింగ్ అవకాశాలు) ఖాళీ. పిచర్లు కానివాళ్లలో పాత రికార్డు 46. చివరికి 2019 ఏప్రిల్ 13న బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో, మొదటి ఇన్నింగ్స్‌లో, రిక్ పోర్సెలో బంతిని కుడివైపుకి సింగిల్ (ఒక బేస్ దాకా వెళ్లే హిట్) కొట్టాడు. ఇద్దరు రన్నర్లు హోమ్ ప్లేటు చేరి రన్లు చేశారు. డేవిస్ నవ్వుతూ ఆ బంతి దాచిపెట్టమని డగౌట్‌కి సైగ చేశాడు.

అదే ఫెన్‌వేలో, 2012 మే 6న, 17 ఇన్నింగ్స్ సాగిన మ్యాచ్‌లో పిచర్లు అయిపోతే ఆఖరి రెండు ఇన్నింగ్స్ ఈ డేవిస్ చేతే వేయించారు. ఆ రోజు బ్యాటుతో ఎనిమిదికి సున్నా, ఐదు స్ట్రైకౌట్లు. చేత్తో మాత్రం ఒక్క రన్ ఇవ్వకుండా వేసి గెలుపు తన పేరు మీద రాయించుకున్నాడు. ఈ మనిషిని అథ్లెట్ కాదని ఎవరనగలరు? ఉన్న చిక్కల్లా ఆ పొడవాటి స్వింగ్‌తోనే. దానికి ఆలస్యాన్ని ఓర్చుకునే సందు లేదు. పైగా బంతిని కుడివైపుకే లాగే ఎడమచేతి వాటం, అటువైపు ముగ్గురు ఇన్‌ఫీల్డర్లు కాపు కాసేవారు (దీన్నే షిఫ్ట్ అంటారు). 2021లో ఆట మానేశాడు. వాయిదా వేసుకున్న 4.2 కోట్ల డాలర్లు మాత్రం 2037 దాకా అందుతూనే ఉంటాయి.

మొత్తం లీగ్‌లోనే హిట్టింగ్ పడిపోయింది, అది కూడా కలుపుకోవాలి. 1999లో .271 ఉన్న లీగ్ యావరేజ్ 2022లో .243. 2023లో షిఫ్ట్ నిషేధించారు, .248 అయింది, మరుసటి ఏడే మళ్లీ .243. 1968లో .237కి పడినప్పుడు పిచర్ నిలబడే దిబ్బను 15 అంగుళాల నుంచి 10కి తవ్వేశారు, అదీ మందంటే. 2023లో పిచర్ ఆలస్యం చేయకుండా గడియారం పెట్టారు, బేసులు 15 నుంచి 18 అంగుళాలకు పెంచారు. దొంగిలించిన బేసులు (హిట్ లేకుండానే రన్నర్ తర్వాతి బేసుకి పరిగెత్తడం) ఒక్క ఏడాదిలో 2,486 నుంచి 3,503కి పెరిగాయి, హిట్లు మాత్రం రాలేదు. ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో 92 మైళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడు 94 దాటింది. మ్యాచ్ మొదలెట్టి అలసిపోయిన పిచర్‌ని మూడోసారి ఎదుర్కొని హిట్లు దండుకునే రోజులు పోయాయి, ఏడో ఇన్నింగ్స్ నుంచి ప్రతిసారీ కొత్త చెయ్యే.

వేగమే సర్వస్వం అనుకోకండి. లూయిస్ అరాయెస్ బ్యాటు వేగం లీగ్‌లో అట్టడుగున, 63 మైళ్ల చుట్టుపక్కల. లీగ్ సగటు 72. అయినా 2022, 2023, 2024 మూడేళ్లూ బ్యాటింగ్ టైటిల్ అతనిదే, మూడు వేర్వేరు జట్ల జెర్సీల్లో. స్వింగ్ పొట్టిది కాబట్టి నిర్ణయం ఆలస్యంగా తీసుకోగలడు.

మరి తెలిసి తెలిసి ఎందుకిస్తారంటే, నిబంధన అలా ఉంది. ఫ్రీ ఏజెంట్ (నచ్చిన జట్టుతో సంతకం చేసే స్వేచ్ఛ ఉన్న ఆటగాడు) కావాలంటే ఆరేళ్ల సర్వీసు నిండాలి, 172 రోజులు ఒక ఏడాది కింద లెక్క. 24, 25 ఏళ్లకి పైకొచ్చినవాడు సంతకానికి వచ్చేసరికి 30, 31. మంచి వయసంతా పాత జట్టు చవగ్గా వాడేసుకుంటుంది. ఐపీఎల్‌లో లాగా మూడేళ్లకోసారి మెగా వేలం లేదు, కాంట్రాక్టు మధ్యలో కోసేసినా డబ్బు మొత్తం ఇవ్వాల్సిందే. జీతాలు హద్దు దాటితే జట్టు కట్టే లగ్జరీ ట్యాక్స్‌ని కాంట్రాక్టు ఏడాది సగటు మీద లెక్కేస్తారు కాబట్టి పది మీద భాగిస్తే అంకె చిన్నదవుతుంది. అంటే చివరి నాలుగేళ్లు ఈఎంఐ కట్టడమే, ఆ సంగతి సంతకం పెట్టిన జనరల్ మేనేజర్‌కి బాగా తెలుసు. అప్పటికి ఆయన ఉద్యోగంలో ఉంటేగా!

మీ జట్టు కొత్తవాణ్ని తెచ్చిందని విన్న రోజున ఆటగాళ్ల గణాంకాలుండే బేస్‌బాల్ సావంట్ సైటు తెరవండి, ఉచితమే. ముందు స్ప్రింట్ స్పీడ్ (పరిగెత్తే వేగం) చూడండి, లీగ్ సగటు సెకనుకు 27 అడుగులు. రెండేళ్లలో అడుగు తగ్గితే కాళ్లు చెబుతున్నట్టే. తర్వాత 95 మైళ్లు దాటిన ఫాస్ట్‌బాల్ మీద ఏం కొడుతున్నాడో, స్ట్రైక్ జోన్ (అంపైర్ స్ట్రైక్ అనే హద్దు) లోపలి బంతుల్ని ఎన్ని మిస్ అవుతున్నాడో చూడండి. బయటి బంతులకు ఊపడం మంచివాళ్లకీ ఉంటుంది, లోపలివి మిస్ కావడమే ప్రమాదం. హార్డ్-హిట్ (బలంగా తగిలిన బంతుల) శాతాన్ని నమ్మకండి, నా లెక్కలో అది అన్నిటికన్నా ఆఖరున పడుతుంది. ఏజెంట్లు చూపించేది మాత్రం అదే.

ఆ తర్వాత పొజిషన్. ఫీల్డింగ్‌లో ఫస్ట్ బేస్ తేలికైన చోటు, అందుకే 31 ఏళ్ల ఫస్ట్ బేస్‌మన్‌కి జరగడానికి ఇంకో చోటు లేదు, బ్యాటు పోతే అన్నీ పోయినట్టే. ఏడ్రియన్ బెల్ట్రే కూడా 31 ఏళ్లకే, 2011 జనవరిలో, ఐదేళ్లకు 8 కోట్ల డాలర్లకి మీ రేంజర్స్‌కి వచ్చాడు. 2014లో 35 ఏళ్ల వయసులో .324 కొట్టాడు. థర్డ్ బేస్‌లో ఒంటి కాలి మీద వంగి బంతి ఏరి విసరగలిగే కాళ్లవి. 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

ఇక రేంజర్స్ ఆటగాడు కోరీ సీగర్‌ది పదేళ్లకు 32.5 కోట్ల డాలర్లు, 2031 దాకా. సంతకం చేసినప్పుడు 27, అందుకే 2023 వరల్డ్ సిరీస్ చేతికొచ్చింది. షార్ట్‌స్టాప్‌లో (రెండో, మూడో బేసుల మధ్య, చురుకైన కాళ్లు కావాల్సిన చోట) నిలబడినంతకాలం అతని యావరేజ్ ఎంత పడినా నేను పట్టించుకోను. ఫస్ట్ బేస్ గ్లవ్ తొడిగిన రోజున మాత్రం ఒకసారి ఆ స్ప్రింట్ స్పీడ్ పేజీ తెరిచి చూడండి.